శాంటొరీని నుంచి ఏథెన్స్‌కి: పెద్ద ఫెర్రీనా, హైస్పీడా, విమానమా?

గ్రీస్‌లోని శాంటొరీని దీవికి వెళ్ళేటప్పుడు ఎవరికీ పెద్దగా టెన్షన్ ఉండదు. ఫెర్రీ రెండు గంటలు ఆలస్యమైతే పోయేది ఒక సాయంత్రం, అంతే. అసలు టెన్షన్ తిరిగొచ్చేటప్పుడు. దీవి నుంచి ఏథెన్స్ చేరాలి, అక్కడి నుంచి హైదరాబాద్‌కో, ఫ్రాంక్‌ఫర్ట్‌కో, డల్లాస్‌కో వెళ్ళే విమానం అందుకోవాలి. మధ్యలో ఏజియన్ సముద్రం, దాదాపు 240 కిలోమీటర్లు. దాన్ని దాటడానికి మూడు దారులున్నాయి: ఏడెనిమిది గంటలు పట్టే పెద్ద ఫెర్రీ, ఐదు గంటల్లో చేర్చే హైస్పీడ్ ఫెర్రీ, గంటలోపే దించేసే విమానం.

గంటలు మాత్రమే చూసి ఎంచుకుంటే పెద్ద ఫెర్రీ వైపు ఎవరూ చూడరు. మేమూ మొదటిసారి అలాగే ఎంచుకుని దెబ్బతిన్నాం. ఆగస్టు నెల, మేమిద్దరమే. సాయంత్రం హైస్పీడ్‌కి టికెట్లు, మర్నాడు పొద్దున ఏడింటికి ఏథెన్స్ నుంచి విమానం. రాత్రికి ఏథెన్స్ రేవు పిరేయస్ చేరిపోతాం, కాస్త కునుకు తీసి ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోదాం అనుకున్నాం. మధ్యాహ్నం నాలుగింటికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, గాలుల వల్ల ఆ రోజు సర్వీసు రద్దని. గుండెల్లో రాయి పడింది. ఆ రాత్రి విమానాల్లో ఒక్క సీటు లేదు. పెద్ద ఫెర్రీ మాత్రం అంతకు అరగంట ముందే, మామూలుగానే బయల్దేరి వెళ్ళిపోయింది. మర్నాటి విమానం పోయింది. కొత్తగా కొన్న టికెట్లకు దీవిలో మూడు రాత్రుల హోటల్ ఖర్చంత అయింది.

రెండోసారి సెప్టెంబరు చివర్లో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. అమ్మకి ఘాట్ రోడ్డు ఎక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఈసారి పెద్ద ఫెర్రీ ఎక్కాం. ఈ రెండు ప్రయాణాల్లో తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను. మీరు మేం చేసిన తప్పు చేయకూడదనే నా ఆరాటం.

## ముందు ఇవి తేల్చుకోండి

ఏథెన్స్ చేరాక ఏముంది? అన్నిటికంటే ముందు ప్రశ్న ఇదే. ఏథెన్స్‌లో ఒక రాత్రి ఉండి మర్నాడు మధ్యాహ్నమో సాయంత్రమో విమానం ఎక్కేవాళ్ళకి మూడు దారులూ తెరిచే ఉంటాయి. అదే రోజు అంతర్జాతీయ విమానం ఉన్నవాళ్ళు మాత్రం ఫెర్రీ జోలికి వెళ్ళొద్దు. పొద్దున దిగేది, రాత్రి విమానం కదా అని లెక్కలు వేసుకోవద్దు. గాలి మన లెక్క ప్రకారం వీచదు.

ఏ నెలలో వెళ్తున్నారు? జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ ఫెళ్ళున కాస్తుంటుంది, సముద్రం మాత్రం తెల్లటి నురగలు కక్కుతుంటుంది. ఇంత మంచి వాతావరణంలో ఓడ ఎందుకు ఆపారని మనవాళ్ళు ఆశ్చర్యపోయేది అందుకే. గాలి బలాన్ని అక్కడ బోఫోర్ట్ అంకెల్లో చెబుతారు. 6 అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్లు, 8 అంటే 62 నుంచి 74 కిలోమీటర్లు. 8 దాకా వెళ్ళిందంటే పెద్ద ఫెర్రీలు కూడా ఆగిపోవచ్చు. హైస్పీడ్ నౌకలు అంతకంటే తక్కువ గాలికే ఆగుతాయి.

మీతో ఎవరున్నారు? మోకాళ్ళు, కడుపు, చంటిపిల్లలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎంపిక మారిపోతుంది.

సామాను ఎంత? ఇండియా నుంచి వచ్చినవాళ్ళ దగ్గర మనిషికి రెండు పెట్టెలు మామూలు. ఫెర్రీలో వాటిని ఎవరూ తూకం వేయరు. విమానంలో ప్రతి పెట్టెకీ లెక్క ఉంటుంది.

గుమ్మం నుంచి గుమ్మానికి ఎంతసేపు? టికెట్ మీద రాసిన గంటలు సగం లెక్కే. దీవి ముఖ్య పట్టణం ఫీరాలోని హోటల్ గది నుంచి ఏథెన్స్‌లోని హోటల్ గది దాకా ఎంతసేపో చూసుకోవాలి.

## ఒక్క చూపులో

| | పెద్ద ఫెర్రీ | హైస్పీడ్ ఫెర్రీ | విమానం |
|---|---|---|---|
| ప్రయాణ సమయం | 7.5 నుంచి 8 గంటలు | సుమారు 5 గంటలు | 45 నుంచి 50 నిమిషాలు |
| హోటల్ నుంచి హోటల్‌కి | 10 గంటల పైనే | 7 నుంచి 8 గంటలు | 4 నుంచి 5 గంటలు |
| టికెట్ (వేసవిలో, సుమారుగా) | 45 నుంచి 60 యూరోలు | 80 నుంచి 100 యూరోలు | కొనే రోజును బట్టి చాలా మారుతుంది |
| గాలికి తట్టుకోవడం | బాగా | తక్కువ | ఎక్కువ రోజుల్లో బాగానే |
| కడుపులో తిప్పడం | తక్కువ | ఎక్కువ | కాసేపే |
| బయట గాలి, చూపు | ఓపెన్ డెక్ ఉంటుంది | చాలావాటిలో లోపలే కూర్చోవాలి | కిటికీ సీటు దొరికితే |
| సామాను | దాదాపు ఎంతైనా | దాదాపు ఎంతైనా | చౌక టికెట్లో క్యాబిన్ బ్యాగే |
| దిగేది | పిరేయస్ | పిరేయస్, కొన్ని రఫీనా | ఏథెన్స్ ఎయిర్‌పోర్టు |

## పెద్ద ఫెర్రీ

ఈ దారిలో ఎక్కువగా కనిపించేవి బ్లూ స్టార్ వాళ్ళ ఓడలు. ఓడ అంటే నిజంగా ఓడే. కింద లారీలు, బస్సులు, కార్లు పట్టే గ్యారేజీ, పైన అంతస్తుల్లో సీట్లు, కాఫీ షాపులు, భోజనం కౌంటర్లు, వాటి పైన ఓపెన్ డెక్. ఎక్కువ రోజుల్లో శాంటొరీని నుంచి మధ్యాహ్నం మూడు, మూడున్నర ప్రాంతంలో బయల్దేరి, దారిలో నాక్సోస్, పారోస్ లాంటి దీవుల్లో ఆగి, రాత్రి పదకొండు ప్రాంతంలో పిరేయస్ చేరే సర్వీసు ఉంటుంది. సీజన్‌ను బట్టి వేళలు మారుతుంటాయి కాబట్టి టికెట్ మీద చూసుకోండి.

ఎక్కడం ఎలా ఉంటుందో ముందే తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. ఫెర్రీలు ఆగే రేవు పేరు అథీనియోస్. ఫీరా కింద కేబుల్ కారు, గాడిదలు ఉండే పాత రేవు ఇది కాదు. అక్కడ క్రూయిజ్ ఓడల వాళ్ళే దిగుతారు. అథీనియోస్‌కి నిట్టనిలువు కొండ మీంచి మెలికలు తిరిగే రోడ్డు దిగాలి. ఫీరా నుంచి రెండు మూడు యూరోలకే బస్సు ఉంది. దీవి ఉత్తర కొసన ఉన్న ఇయా ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఫీరాలో బస్సు మారాలి. దీవిలో ట్యాక్సీలు చాలా తక్కువ. పెద్దవాళ్ళుంటే హోటల్ వాళ్ళతో ముందురోజే కారు మాట్లాడుకోండి. పైగా ఓడ వచ్చే వేళకి ఆ రోడ్డు కార్లతో నిండిపోతుంది. గంటన్నర ముందు బయల్దేరితే నిదానంగా వెళ్ళొచ్చు.

ఓడ రేవులోకి వచ్చి, గిర్రున తిరిగి, వెనక్కి నడుచుకుంటూ గట్టుకి ఆనుతుంది. వెనకవైపు ఇనుప తలుపు గొలుసుల మీద కిందికి దిగుతుంది. అది నేలకు పూర్తిగా ఆనకముందే సిబ్బంది ఈలలు వేస్తూ చేతులు ఊపుతుంటారు. ముందు దిగేవాళ్ళు దిగుతారు, వెంటనే మనల్ని రమ్మంటారు. పక్కనే లారీలు కదులుతుంటాయి, డీజిల్ వాసన, చప్పుడు. అమ్మ నా చేయి గట్టిగా పట్టేసుకుంది. లోపల గోడ పక్కన సామాను పెట్టే అరలుంటాయి, ప్రతి అర మీదా రేవు పేరు రాసి ఉంటుంది. పిరేయస్ అని రాసిన చోటే మీ పెట్టెలు పెట్టండి. నాక్సోస్ అరలో పెడితే, నాక్సోస్‌లో దిగేవాళ్ళ హడావిడిలో మీ పెట్టె అటూ ఇటూ అవుతుంది. పాస్‌పోర్టులు, మందులు, బంగారం ఉన్న బ్యాగు మాత్రం భుజానే ఉంచుకోండి. అక్కడి నుంచి పైకి మెట్లెక్కాలేమో అని నాన్న భయపడ్డారు. పెద్ద ఓడల్లో ఎస్కలేటరు, లిఫ్టు ఉంటాయి. మోకాళ్ళ వైపు చూపించి అడిగితే సిబ్బందే లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళారు.

టికెట్లలో అన్నిటికంటే చౌకది ఎకానమీ. దానికి నంబర్ సీటు ఉండదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి. ఆగస్టులో ముందు ఎక్కినవాళ్ళకే సోఫాలు దక్కుతాయి. కొద్ది యూరోలు ఎక్కువ పెడితే విమానంలోలా నంబర్ ఉన్న సీటు ఇస్తారు. పెద్దవాళ్ళుంటే ఆ కాస్త డబ్బు దగ్గర వెనకాడొద్దు. వెన్ను వాల్చి పడుకోవాలంటే క్యాబిన్ కూడా తీసుకోవచ్చు గానీ, పగటి ప్రయాణానికి అనవసరం. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎక్కువ కంపెనీల్లో ఉచితం, అయినా వాళ్ళ పేరుతో టికెట్ మాత్రం తీసుకోవాలి.

ఇక ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది చెబుతాను. ఓడ కదలగానే పైడెక్కుకి వెళ్ళి కుడివైపు నిలబడండి. శాంటొరీని అగ్నిపర్వతం పేలి కూలిపోయిన గుంతలోంచి, అంటే కాల్డెరాలోంచి ఓడ ఉత్తరానికి సాగుతుంది. ఎర్రటి, నల్లటి, బూడిదరంగు పొరలతో కొండ గోడ, దాని అంచు మీద సున్నం చల్లినట్టు ఫీరా ఇళ్ళు, చివర ఇయా. మధ్యాహ్నం ఎండ సూటిగా ఆ గోడ మీదే పడుతుంది. నాలుగు రోజులు దీవి మీద తిరిగినా దాని రూపం ఇలా ఒక్కసారిగా కనిపించలేదు. ఎడమవైపు నీళ్ళ మధ్య నల్లగా కనిపించేది నేయా కమేని, ఇంకా ఆరిపోని అగ్నిపర్వతం.

రెండు గంటల తర్వాత నాక్సోస్. రేవు పక్కనే చిన్న తిప్ప మీద ఒక పాలరాతి ద్వారబంధం ఒంటరిగా నిలబడి ఉంటుంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తిచేయని గుడి తాలూకు గుమ్మం అది. గోదావరి మీద లాంచీల్లో తిరిగి పెరిగిన మనిషి మా నాన్న. రెయిలింగు పట్టుకుని ఆ గుమ్మాన్ని, దాని వెనక దిగుతున్న పొద్దుని చూస్తూ, "గుడి లేదు, గుమ్మం నిలబడింది చూడరా" అన్నారు. పారోస్ దాటేసరికి చీకటి పడింది. అప్పుడు లోపలికొచ్చి, హోటల్ గదిలోనే కలిపి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. శాకాహారులకు ఓడలో దొరికేవి పాలకూర కూరిన స్పనకోపిటా, చీజ్ పెట్టిన తీరోపిటా, ఫ్రెంచ్ ఫ్రైస్, సలాడ్లు. రెండు పూటలు అవే తినాలంటే మనవాళ్ళకి కష్టం, ఏదో ఒకటి కట్టుకెళ్ళండి.

లోపాలూ ఉన్నాయి. రాత్రి పదకొండు దాటాక, సామానుతో, అలసిపోయిన పెద్దవాళ్ళతో పిరేయస్‌లో దిగడం సుఖమేమీ కాదు. దారిలో దీవుల దగ్గర ఆలస్యమైతే అర్ధరాత్రి దాటుతుంది. చిన్నపిల్లలకు ఎనిమిది గంటలు చాలా ఎక్కువ. మొదటి రెండు గంటలు గెంతుతారు, తర్వాత విసిగిపోతారు.

## హైస్పీడ్ ఫెర్రీ

సీజెట్స్ లాంటి కంపెనీల నౌకలు ఇవి. ఎక్కువగా రెండు పొట్టల కాటమరాన్లు. నీళ్ళ మీద దూసుకుపోతాయి కాబట్టే మూడు గంటలు మిగులుతాయి. ఎవరి సీటు వారికి ఉంటుంది, ఏసీ ఉంటుంది. సముద్రం నిశ్చలంగా ఉన్న రోజున ఇది చాలా హాయిగా ఉంటుంది. మే నెలలోనో జూన్ మొదట్లోనో వెళ్ళిన స్నేహితులు నిద్రపోయి లేచేసరికి పిరేయస్ వచ్చేసిందన్నారు.

ఇబ్బందంతా అల లేచినప్పుడు. పెద్ద ఓడ అలను కోసుకుంటూ బరువుగా వెళ్తుంది. తేలికైన నౌక అల మీదికెక్కి దబ్బున కింద పడుతుంది. పైగా చాలావాటిలో బయటికి వెళ్ళనివ్వరు, కిటికీలు తెరుచుకోవు. వరసలో ఒకరికి వాంతి మొదలైందంటే పక్కనున్నవాళ్ళకీ తిప్పడం మొదలవుతుంది. వాంతుల భయం ఉన్నవాళ్ళు దీన్ని ఎక్కి తీరాల్సి వస్తే, వెనకవైపు, మధ్య వరసలో, కింది అంతస్తులో సీటు అడగండి. అక్కడ కుదుపు తక్కువ. మన ఇళ్ళల్లో వాడే అవోమిన్ లాంటి మాత్రలు బయల్దేరడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. బీపీకో షుగరుకో మందులు వాడేవాళ్ళు ఇండియాలోనే తమ డాక్టర్ని అడిగి తెచ్చుకోవడం మంచిది.

రద్దయ్యే అవకాశమూ దీనికే ఎక్కువ. చలికాలంలో చాలామటుకు నడవవు కూడా. డబ్బు పెద్ద ఫెర్రీకి దాదాపు రెట్టింపు పెట్టి, నమ్మకం మాత్రం తక్కువ కొనుక్కుంటున్నట్టు. నేనైతే జులై, ఆగస్టుల్లో దీన్ని ఇక ఎక్కను. మే, జూన్, సెప్టెంబరు నెలల్లో, మర్నాడు విమానం తొందర లేకపోతే, పొద్దున సర్వీసు తప్పకుండా చూస్తాను. పొద్దున బయల్దేరేది తీసుకుంటే, ఒకవేళ రద్దయినా మధ్యాహ్నం పెద్ద ఫెర్రీకి మారడానికి టైమ్ ఉంటుంది. మాకు ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది.

## విమానం

ఏజియన్, స్కై ఎక్స్‌ప్రెస్ లాంటి సంస్థల విమానాలు రోజుకు చాలానే ఉంటాయి. ఎయిర్‌పోర్టు దీవికి తూర్పువైపు, ఫీరా నుంచి 6 కిలోమీటర్లే. నెలల ముందు కొంటే ఒక్కోసారి హైస్పీడ్ కంటే చౌకగా దొరుకుతుంది. వారం ముందు కొంటే ధర చూసి కళ్ళు తిరుగుతాయి. చౌక ధర కనిపించగానే సంబరపడొద్దు, అందులో చెకిన్ బ్యాగు ఉండదు. నలుగురికి నాలుగు పెట్టెలు కలిపితే ఎంతవుతుందో చూసి అప్పుడు పోల్చండి.

దీనికి ఫెర్రీకి లేని ఒక పెద్ద బలం ఉంది. శాంటొరీని నుంచి ఏథెన్స్‌కి, అక్కడి నుంచి మీ ఊరికి, రెండూ ఒకే టికెట్ మీద ఒకే బుకింగ్ నంబరుతో కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినా మిమ్మల్ని ఇంకో విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. ఏజియన్ సంస్థ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలో ఉంది కాబట్టి లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా లాంటి వాటితో కలిపిన టికెట్లు వెతికి చూడండి. రెండూ విడివిడిగా కొంటే మాత్రం ఆ రక్షణ ఉండదు.

వేసవిలో ఆ ఎయిర్‌పోర్టు కిటకిటలాడిపోతుంది. రెండు గంటల ముందుండాలి. ప్రయాణం 50 నిమిషాలే అయినా అర రోజు పోతుంది.

## దిగాక ఎలా?

ఫెర్రీ టికెట్ కొనేటప్పుడు చాలామంది చూడనిది, దిగే రేవు పేరు. పిరేయస్ ఏథెన్స్‌కి ఆనుకునే ఉంది. గేట్లకు ఇ1 నుంచి ఇ12 దాకా నంబర్లుంటాయి. శాంటొరీని వైపు ఓడలు ఎక్కువగా ఇ6, ఇ7 గేట్ల దగ్గర ఆగుతాయి. ఎదురుగానే మెట్రో స్టేషన్. ఊరి మధ్యలోని మొనాస్టిరాకి, ఒమోనియా వైపు వెళ్ళాలంటే ఆకుపచ్చ లైను, సింటగ్మా మీదుగా నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలంటే నీలం లైను. ఈ నీలం లైను పిరేయస్ దాకా వచ్చింది 2022 అక్టోబరులోనే, పాత సలహాల్లో ఇది కనిపించదు. ఎయిర్‌పోర్టు టికెట్ 9 యూరోలు, సుమారు గంట ప్రయాణం. నీలం లైనులో ప్రతి రైలూ ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళదు, బోర్డు చూసి ఎక్కండి. అర్ధరాత్రి దిగినవాళ్ళకి ఎక్స్96 బస్సు ఉంది, 24 గంటలూ పిరేయస్ నుంచి ఎయిర్‌పోర్టుకి తిరుగుతుంది. ఆకుపచ్చ లైనులో జేబుదొంగలు ఎక్కువ. పర్సు ముందు జేబులో, బ్యాగు పొట్ట మీద.

రఫీనా ఏథెన్స్‌కి తూర్పు తీరాన ఉన్న చిన్న రేవు. వేసవిలో కొన్ని హైస్పీడ్‌లు అక్కడికి వెళ్తాయి. ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళకి 30 కిలోమీటర్ల దూరం, కానీ ఎయిర్‌పోర్టు దగ్గర బస చేసేవాళ్ళకి పిరేయస్ కంటే ఇదే దగ్గర. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి బస్సు కూడా ఉంది.

## ఎవరికి ఏది?

అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు. డబ్బు పెద్ద సమస్య కాకపోతే విమానం, కూర్చోగలిగిన ఓపిక ఉంటే పెద్ద ఫెర్రీలో నంబర్ సీటు. ఫెర్రీ అయితే ఆ రాత్రికి హోటల్ పిరేయస్‌లోనే తీసుకోండి. అర్ధరాత్రి ఏథెన్స్ ఊళ్ళోకి వెళ్ళి గది వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

చంటిపిల్లలున్నవాళ్ళు. విమానమే. రెండేళ్ళ బిడ్డని డెక్కు మీద రెయిలింగు పక్కన ఎనిమిది గంటలు కాపలా కాయడం మాటలు కాదు. ఆరేడేళ్ళు దాటిన పిల్లలకి మాత్రం పెద్ద ఓడ ఎక్కడమే పండగ.

కొత్త జంటలు, స్నేహితులు. పెద్ద ఫెర్రీ. మిగిలిన డబ్బుతో ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కనిపించే టెర్రస్ మీద భోజనం చేయొచ్చు. ఇంకా తెలివైన పని, దారిలో నాక్సోస్‌లో దిగి రెండు రోజులుండి తర్వాత బయల్దేరడం. అక్కడి నుంచి పిరేయస్‌కి ఐదారు గంటలే.

సెలవు దొరకనివాళ్ళు. ఆదివారం సాయంత్రం దాకా దీవిలో ఉండి సోమవారం ఆఫీసులో ఉండాల్సినవాళ్ళకి ఒకే టికెట్ మీద కలిపిన విమానాలు తప్ప వేరే దారి సూచించలేను.

వాంతుల భయం ఉన్నవాళ్ళు. పెద్ద ఫెర్రీలో ఓపెన్ డెక్, చూపు దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత మీద, చేతిలో అల్లం ముక్క. అమ్మ అలాగే వచ్చింది, ఒక్క ఇబ్బంది లేకుండా.

## గాలి లేచిన రోజున

ఓడలు ఆపాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం కాదు, కోస్ట్ గార్డ్ నిర్ణయం. దీని వెనక చేదు జ్ఞాపకం ఉంది. 1966 డిసెంబరు 8న క్రీట్ నుంచి పిరేయస్ వస్తున్న ఇరాక్లియోన్ అనే ఫెర్రీ, ఫాల్కొనేరా అనే చిన్న దీవి దగ్గర పెనుగాలిలో మునిగిపోయింది. లోపల సరిగ్గా కట్టని ఒక లారీ అటూ ఇటూ దొర్లి పక్క తలుపును బద్దలు కొట్టింది, నీళ్ళు లోపలికొచ్చాయి. 200 మందికి పైగా చనిపోయారు. అందుకని రద్దు మెసేజ్ వచ్చినప్పుడు కౌంటర్లో ఉన్నవాళ్ళ మీద అరవకండి. అరిచిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఈ సంగతి తెలిశాక సిగ్గేసింది.

బయల్దేరే రోజుకి మూడు రోజుల ముందు నుంచే విండీ లాంటి యాప్‌లో ఏజియన్ గాలి చూస్తుండండి. 6 బోఫోర్ట్ దాటేలా కనిపిస్తే, హైస్పీడ్ టికెట్ ఉన్నవాళ్ళు వెంటనే ఏజెంటు దగ్గరికి వెళ్ళి ముందురోజుకో పెద్ద ఫెర్రీకో మార్చుకునే వీలుందేమో అడగండి. రద్దయ్యాక వందలమంది ఒకే కౌంటర్ మీద పడతారు. ఓడ ఎక్కడుందో తెలుసుకోవడానికి మెరైన్‌ట్రాఫిక్ యాప్‌లో దాని పేరు కొట్టండి. అది ఇంకా అంతకు ముందు ఆగే దీవిలోనే ఉంటే, ఎండలో రేవులో నిలబడే బదులు కాఫీ తాగి రావచ్చు.

యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ఫెర్రీ రద్దయినా, గంటన్నరకు మించి ఆలస్యంగా బయల్దేరినా, మీ టికెట్ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా వేరే సర్వీసులో పంపమని అడగొచ్చు. కారణం గాలి అయినా ఈ హక్కు ఉంటుంది. గాలి వల్ల ఆగితే నష్టపరిహారం, హోటల్ గది మాత్రం ఇవ్వాల్సిన పనిలేదు. మీ తర్వాతి విమానం పోతే ఆ నష్టం మీదే.

గాలి ఒక్కటే కాదు, సమ్మెలూ ఉంటాయి. మే 1న ఓడ కార్మికులు సమ్మె చేయడం దాదాపు ఏటా ఉండేదే, ఆ రోజు టికెట్ తీసుకోకండి. 2025 ఫిబ్రవరిలో శాంటొరీనిలో వరసగా భూకంపాలు వచ్చినప్పుడు వేలమంది ఫెర్రీల్లోనూ విమానాల్లోనూ దీవి వదిలి వెళ్ళారు. అలాంటి రోజుల్లో ఏది ముందు దొరికితే అదే మంచిది.

## వేరే దీవి నుంచైతే

మికొనోస్, టినోస్, ఆండ్రోస్ నుంచి వచ్చేవాళ్ళు రఫీనా వెళ్ళే ఫెర్రీలు చూడండి. దూరం తక్కువ, ఎయిర్‌పోర్టు దగ్గర. నాక్సోస్, పారోస్ నుంచి అయితే నా ఓటు నేరుగా పెద్ద ఫెర్రీకే. క్రీట్ నుంచి రాత్రి బయల్దేరి తెల్లారేసరికి పిరేయస్ చేర్చే పెద్ద ఓడలున్నాయి, క్యాబిన్ తీసుకుంటే ఒక రాత్రి హోటల్ ఖర్చు కలిసొస్తుంది. రోడ్స్ చాలా దూరం, విమానమే. కోర్ఫు నుంచి ఎదురుగా ఉన్న ఇగుమెనిత్సాకి రెండు గంటల లోపే ఫెర్రీ ఉంది గానీ, అది దేశానికి వాయవ్య మూల. అక్కడి నుంచి ఏథెన్స్‌కి బస్సులో సగం రోజు పైనే పడుతుంది. ఈజీనా లాంటి దగ్గరి దీవులకు ఎయిర్‌పోర్టే లేదు, గంట చిల్లరలో మామూలు ఫెర్రీ తీసుకొచ్చేస్తుంది.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా ఉండాలి. ఒక్క అక్షరం పేరు, పొడవాటి ఇంటిపేరు ఉన్న మనవాళ్ళకి ఇక్కడే తడబాటు. టికెట్ ఫోన్లో ఉంటే చాలు, కానీ రేవులో ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పిరేయస్ వస్తోందని మైకులో చెప్పగానే అందరూ గ్యారేజీలోకి దిగి ఇరుకు మెట్ల మీద నిలబడతారు. మీరు తొందరపడకండి. పెద్దవాళ్ళని సీట్లోనే కూర్చోబెట్టి, జనం పల్చబడ్డాక లిఫ్టులో తీసుకురండి. ఓడకి అదే చివరి రేవు, మిమ్మల్ని దించకుండా ఎక్కడికీ పోదు.